పాచికి చెవుడు

1. గోడలు తడిపే రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. డోలు వాయించేవాడికి కలం ఇవ్వడం, కుమ్మరికి కత్తెర ఇవ్వడం ఒకటే. కానీ సంపూర్ణ అడిగితే కాదనడం కష్టం. ఆమె మా అడుగూరికి పాచి పెద్ద. గోడల బాగోగులన్నీ ఆమె చేతిలో ఉంటాయి, అంటే మా ఊపిరి కూడా.

"మీరాబీ పెద్దమ్మ బాణీ ఎట్టా మారిద్దో పక్కన కూర్చున్నోడివి, నీకే ఎరుక బాబాయ్. రాసిపెట్టు. మన తర్వాతోళ్ళకి పనికొస్తది," అంది.

"తర్వాతోళ్ళంటూ ఉంటే గదా," అన్నాను.

"ఉండాలనే రాయమంటన్నా," అంది. ఆ మనిషికి నవ్వు రాదు.

పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని మా వరస గోడ తుడిచాను. నిరుడు ఈపాటికి ఒక్కో పాచి రేకు అరచెయ్యంత విచ్చుకుని ఉండేది. ఇవాళ గోరంత కూడా లేదు. రెండుసార్లు వంగి లేచేసరికి కళ్ళు తిరిగి, అక్కడే కూలబడ్డాను.

ఇది చదివేవాళ్ళు మా ఊరివాళ్ళు కాకపోతే ఒక ముక్క చెప్పాలి. మేం నేల కింద ఉంటాం, పైన గాలి లేదు. గోడల మీది పాచి విచ్చుకుంటే మాకు గాలి ఆడుతుంది. కొత్త పాట వింటేనే అది విచ్చుకుంటుంది. ఎంత మంచి పాటైనా ఏళ్ళ తరబడి విని విని అలవాటు పడిపోతే ముడుచుకుంటుంది. అప్పుడు పాచికి చెవుడొచ్చింది అంటాం. 'పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ' అని మన పెద్దవాళ్ళ సామెత ఒకటుంది. వాళ్ళు దాన్ని నవ్వుతూ అనేవాళ్ళట. ఇక్కడ ఆ మాట నోరుజారితే ఎవరూ నవ్వరు.

ఒకప్పుడు పెద్దలు పాటల పెట్టె ఒకటి చేయించారు. రోజుకో బాణీ కడుతుందన్నారు, కట్టింది కూడా. నెల తిరక్కుండానే పాచికి మొత్తం పెట్టె మీదే చెవుడొచ్చింది. అన్ని బాణీల వెనకా ఉన్నది ఒకే బుర్ర అని గోడకి తెలిసింది, మనకి తెలియలేదు.

మొదటి బాణీ ఎవడైనా కడతాడు. రెండోది కట్టాలంటే మొదటిదాన్ని కడుపులోంచి తీసి పారెయ్యాలి. మా ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు మొదటి బాణీతో భుజాల మీద ఊరేగి, చెవుడు రాగానే చేతులెత్తేశారు. మా మేళంలో సన్నాయి ఊదే మీరాబీ అక్క ఒక్కతే, నలభై ఏళ్ళలో మూడుసార్లు మారింది. నేను ఒక్కసారి కూడా మారలేదు. మేళంలో ఒకడైనా నిలకడగా ఉండాలి కదా.

2. డోలు వార్లు బిగించిన రోజు

సంపూర్ణ అడిగిన సంగతి రాస్తాను.

మీరాబీ అక్క మొదటిది పెళ్ళి బాణీ. సన్నాయి పట్టుకుంటే చాలు, ముసలాళ్ళు కూడా తలపాగా సర్దుకునేవారు. పాచి గోడలు దాటి నేల మీదికి కూడా పాకింది. తర్వాత ఆమె మొగుడు జానీ, నేల మీదికి తెరుచుకునే పై తలుపు దగ్గర పనిచేస్తూ పోయాడు. జానీ నాకు వాళ్ళ పెళ్ళికి ముందు నుంచీ స్నేహితుడు. అతను పోయాక మేళం గదిలో అక్క సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నాకేం చెయ్యాలో తోచక, చేతులు ఊరుకోక, డోలు మీద నెమ్మదిగా ఒక దెబ్బ, చాలాసేపటికి ఇంకో దెబ్బ వేస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె సన్నాయి ఎత్తింది. అదీ రెండో బాణీ. ఒక్క స్వరాన్ని పట్టుకుని ఊపిరి ఆగేదాకా వదిలేది కాదు.

జనం తిట్టారు. పెళ్ళి బాణీకి అలవాటు పడ్డారు మరి. ఆమె ఇచ్చిన గాలి పీలుస్తూనే ఆమెను తిట్టారు. రెండోదానికి అలవాటు పడేసరికి పాచికీ చెవుడొచ్చింది.

మూడోది కూతురు రమీజా పోయాక. రమీజా నా భుజాల మీద పెరిగింది, నన్ను డోలుమామా అనేది. జ్వరం వచ్చి పోతుంటే మేమెవరం ఏమీ చెయ్యలేకపోయాం. తర్వాత వాయించిన మొదటి రోజు నా తాళంలో అరదెబ్బ తప్పిపోయింది. సిగ్గుతో చచ్చాను. అక్క మాత్రం ఆ తప్పునే పట్టుకుని దాని మీద నడిచింది, కుంటి నడకలాంటి బాణీ ఒకటి కట్టింది. ఆమె తెలివి అలాంటిది.

నాలుగోది మా ఇద్దరి గురువుగారు పోయాక. అప్పటికి నా వేళ్ళ తొడుగులు చినిగిపోయి, వట్టి వేళ్ళతో వాయిస్తున్నాను. చప్పుడు సన్నగా, పొడిగా వచ్చేది. దానికి తగ్గట్టు ఆమె కూడా సన్నాయిని గుసగుసలోకి దించింది. ఇంతకాలం మేం బతికింది ఆ గుసగుస మీదే.

పాత బాణీలు వాయించకూడదు. పాచి ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. అయినా పెళ్ళి బాణీ అంటే నాకు ప్రాణం. అప్పుడప్పుడు దుప్పటి కప్పుకుని లోపల గొణుక్కుంటాను.

3. పై తలుపు తెరిచిన రోజు

దీపాలు చూసే సాంబులు పోయాడు. గాలి పలచబడితే ముందు ముసలాళ్ళే పోతారు. పై తలుపు దగ్గర గట్టిమేళం వాయించాను.

వెనకటి ఊళ్ళలో గట్టిమేళం పెళ్ళిలో తాళి కట్టే వేళకి వాయించేవాళ్ళు. తుమ్మో, ఏడుపో, చెడ్డ మాటో ఎవరి చెవినా పడకుండా. మేం తాళికీ వాయిస్తాం, పై తలుపుకీ వాయిస్తాం. పై తలుపుకి లోపల ఒకటి, బయట ఒకటి రెండు రెక్కలు. శవాన్ని మధ్యలో పడుకోబెట్టి మోసినవాళ్ళు వెనక్కి వస్తారు, లోపలి రెక్క మూస్తారు, బయటిది తీస్తారు. అప్పుడు గాలి బయటికి పోయే చప్పుడు ఒకటుంటుంది. అది ఎవరూ వినకూడదు.

గట్టిమేళానికి బాణీ లేదు, పాచి దాన్ని లెక్క చెయ్యదు. నేను కళ్ళు మూసుకుని వాయిస్తాను. చెడు వినపడకుండా చేసేవాడు చెడు చూడకూడదని గురువుగారు నేర్పారు.

అంతా అయ్యాక సంపూర్ణ నా పక్కన వచ్చి కూర్చుంది.

"బాబాయ్, పెద్దమ్మ బాణీ ఎప్పుడెప్పుడు మారిందో రాశావా?"

"రాశాను."

"మారకముందు ఏం జరిగిందో?"

"అదీ రాశాను."

"మొగుడు. బిడ్డ. గురువుగారు," అంది నేల వైపు చూస్తూ. "ఇప్పుడు పెద్దమ్మకి ఇంకెవరున్నారు బాబాయ్?"

ఆమే చెప్పింది, "నువ్వున్నావు," అని.

"ముహూర్తం కూడా నువ్వే పెట్టావా, నన్ను పెట్టుకోమంటావా?" అన్నాను.

"అడగట్లేదు బాబాయ్. అడిగే మొహం నాకు లేదు. తెలిసిన సంగతి కడుపులో పెట్టుకుని నీ మొహం చూడలేక చెప్తన్నా."

లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. ఆమె చెప్పింది అబద్ధమైతే ఇచ్చేవాణ్ణి కూడా.

4. గీకుడు రోజు

ఎండిన పాచిని గోడల మీంచి గీకి తొట్టెలో వేశాం. పిల్లలందరినీ పడుకునే ఉండమన్నారు, పరుగెత్తితే గాలి ఎక్కువ పడుతుందని. పిల్లల గోల లేకపోతే ఊరు ఊరులా లేదు.

నా మొహంలో ఏం కనిపించిందో, అక్క మేళం గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఏరా శరభా, ఆ సంపూర్ణ నీకేం చెప్పింది?"

"గోడలు బాగా గీకమంది."

"నలభై ఏళ్ళ నుంచి చూస్తన్నా, నీకు అబద్ధమాడే మొహమే లేదు. నాకూ తెలుసులే అది ఏం చెప్పుంటదో." కాసేపు సన్నాయి తుడిచింది. "మీ తాత పటకారు ఉందా ఇంకా?"

మావాళ్ళు మేళమూ పట్టారు, మంగలికత్తీ పట్టారు. పళ్ళు పీకడం కూడా మా ఇంటి పనే. పటకారు ఉందన్నాను.

"పట్టుకురా. నా ముందు పళ్ళు పీకెయ్యి."

"మతి ఉందా అక్కా?"

"మతి ఉండే అంటన్నా. సన్నాయికి నోట్లో పెట్టుకునే పీకని పట్టేది పెదాలు, పెదాల్ని ఆపేది పళ్ళు. పళ్ళు పోతే ఊదేది వేరే మూతి. వేరే మూతిలోంచి వేరే పాట వచ్చిద్దేమో చూద్దాం. ఎవరో పోవాల్సిన పనేముంది, పళ్ళు పోతే చాలదా?"

నేను కాదన్నాను. ఆమె పటకారు తనే తెచ్చుకుంది. తన చేత్తో తను మొదలుపెట్టబోతుంటే చూడలేక లాక్కుని నేనే పీకాను. పైన నాలుగు. ఆమె నా మోకాలు గట్టిగా పట్టుకుంది. చివరిది వచ్చాక రక్తం ఉమ్మి, "పాచిపళ్ళు పోయాయిరా దాసరీ," అని నవ్వింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

5. చిగుళ్ళు మానాక

ఊదింది. మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత పగిలిన గొంతులాంటిది వచ్చింది, పక్కల నుంచి గాలి కారుతూ. నా డోలు దానికి ఎక్కడ ఆనాలో తెలియక తడుముకుంది. కానీ పాచి కదిలింది. రేకులు ఒక్కొక్కటే విడిపోతుంటే జనం గోడల దగ్గరికి పరుగెత్తి ముక్కులు ఆనించారు. పిల్లల్ని లేపారు. నేను అక్క పాదాల మీద చెయ్యి వేశాను, ఆమె తోసేసింది.

6. మళ్ళీ గోడలు తడిపే రోజు

ముడుచుకుంది. నాలుగు పళ్ళకి నాలుగు వారాలు కూడా దక్కలేదు.

సంపూర్ణ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "మూతి మారింది బాబాయ్. మనిషి మారలేదు. పాచికి తెలిసిపోయింది."

నేను నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నదే చెప్పాను. "ఈసారి తలుపు తెరిచినప్పుడు శవాన్ని నేను మోస్తాను. లోపల పెట్టాక వెనక్కి రాను. నువ్వు రెక్క మూయించు."

ఆమె తల ఊపింది. అంతే. కనీసం వద్దు బాబాయ్ అంటుందనుకున్నాను. నాకు భయంగా ఉంది, రాయడానికి సిగ్గేముంది. పోయేది నాకోసం కాదు, ఊరికోసం అని పెద్ద పెద్ద మాటలు చెప్పను. పిల్లలు పడుకుని పైకప్పు చూస్తున్నారు, నాకు అది చూడబుద్ధి కావడం లేదు.

7. రోశమ్మవ్వ పోయిన రోజు

అవ్వ గూటిలోకి మమ్మల్ని రమ్మని కబురు చేశారు. అవ్వ రొప్పుతూ పడుకుని ఉంది.

"మీరాబీ, మా బిడ్డ పెళ్ళికి ఊదావే, అది ఊదమ్మా. ఒక్కపాలి."

పెళ్ళి బాణీ. వాయించకూడనిది. అక్క నా వైపు చూసింది. నేను గుమ్మానికి దుప్పటి కట్టాను. ఆమె సన్నాయి మూతిలో గుడ్డ కుక్కి, అవ్వ చెవి పక్కన కూర్చుని ఊదింది. పళ్ళు లేవు కదా, సగం స్వరాలు జారిపోయాయి. జారిన చోటల్లా నేను నోటితో అందించాను. అవ్వ తృప్తిగా విన్నది. ఆ పెళ్ళిలో నేను మూడు గిన్నెల పాయసం తాగానని కూడా గుర్తు చేసింది. మధ్యాహ్నానికి పోయింది.

బయటికి వస్తూ అక్కతో అన్నాను, "భుజం నొప్పిగా ఉంది. రేపు డోలు శిష్యులెవరికైనా ఇస్తా. అవ్వని నేను మోస్తా," అని.

అక్క ఆగింది. "భుజం నొప్పైతే మోస్తావా? డోలు కంటే రోశమ్మ తేలికా?"

నేను భుజం రుద్దుకున్నాను.

"ఆడమనిషి, ఆడవాళ్ళమే మోస్తాం. ఆమెకి కడసారి ఊదింది మనం. గట్టిమేళం ఇంకొకరి చేతిలో పెడితే ఒప్పుకోను. నువ్వే వాయించు. గట్టిగా వాయించు, తలుపు చప్పుడు ఒక్క ముక్క కూడా వినపడకూడదు." కాస్త ముందుకు నడిచి మళ్ళీ తిరిగింది. "నీ భుజం సంగతి ఆ తర్వాత చూద్దాంలే."

సరే, ఇంకో చావు దాకా బతికినట్టే అనుకున్నాను. ప్రాణం తేలికపడింది. ఆ మాట కూడా రాస్తున్నాను.

8. రోజు పేరు తెలియదు

అందరూ వచ్చారు. అక్క అవ్వ తల వైపు పట్టింది, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కాళ్ళ వైపు. లోపలికి వెళ్ళేముందు నా వైపు చూసి, వాయించు అన్నట్టు గడ్డం ఎత్తింది.

కళ్ళు మూసుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి వాయించాను. శిష్యులు తాళాలు అందుకున్నారు. గోడలు అదిరాయి. తలుపు ఎప్పుడు మూశారో, ఎప్పుడు తెరిచారో, గాలి ఎప్పుడు పోయిందో నాకేమీ వినపడలేదు. అలా వినపడకుండా వాయించడమే నా విద్య.

కళ్ళు తెరిస్తే అక్క సన్నాయి గుమ్మం పక్కన నేల మీద ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. నేను నాలుగోమనిషి కోసం చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు.

ఆమె లోపల తలుపు కొట్టిందో, నన్ను పిలిచిందో నాకు తెలియదు. పిలిచినా నేనే వినపడనివ్వలేదు.

9. తర్వాత

చాలా రోజులు రాయలేదు. సంపూర్ణని బూతులు తిట్టాను. ఆమె అన్నీ విన్నది.

"నీకంటే ముందే ఈ మాట మీద నా దగ్గరికి వచ్చింది పెద్దమ్మ, పళ్ళు పీకించుకున్న మర్నాడే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఏమందో చెప్పనా?"

చెప్పమన్నాను.

"'వాడు పోతే నేను ఆగిపోతా. నేను పోతే వాడు ఆగడు. ప్రతిసారీ నడక మార్చింది వాడే సంపూర్ణా. నేను వాడి వెనకాల పాట పెట్టుకుంటా నడిచానంతే. ఆ సంగతి వాడికే తెలియదు. చెబితే డోలు నెత్తికెక్కిద్దని నేనూ చెప్పలేదు' అంది."

మేళం గదికి వెళ్ళి కూర్చున్నాను. జానీ పోయినప్పుడు నేను తోచక వేసిన దెబ్బలు. రమీజా పోయినప్పుడు తప్పిన అరదెబ్బ. గురువుగారు పోయాక నా వట్టి వేళ్ళు. అవన్నీ ఈ రాతలో నేనే రాసి ఉన్నాను. ఆమె చావులనుకున్నవి నా చావులు కూడా. ముందు నేను విరిగాను, ఆ విరిగిన చోటి నుంచి ఆమె పాట తీసింది. నేనేమో మేళంలో నిలకడైనవాణ్ణని చెప్పుకు తిరిగాను.

డోలు ఎత్తాను. కొత్తగా ఏదో చెయ్యాలని ఎత్తలేదు. వాయిస్తూ, ఎప్పటిలాగే, ఆమె అందుకోవాల్సిన చోట ఆగాను. ఎవరూ అందుకోలేదు. అక్కడి దాకా వెళ్ళి మళ్ళీ ఆగాను. ఆ ఖాళీలో నా ఊపిరి నాకే వినిపించింది. ఇంకోసారి ఆగేసరికి గదిలో చల్లగా అనిపించింది. తల ఎత్తి చూస్తే గోడల నిండా పాచి అరచెయ్యంత విచ్చుకుని ఉంది. నేను వాయించినప్పుడు కాదు, ఆగినప్పుడు విచ్చుకుంటోంది. ఆమె లేని చోటుకి విచ్చుకుంటోంది.

బయట పిల్లలు పరుగెడుతున్న చప్పుడు వినిపించింది. డోలు పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు.

10. గోడలు తడిపే రోజు

నేను తడపాల్సిన పని లేదిప్పుడు. ఊరంతా నా గోడ తడిపిపోతారు, దణ్ణం పెడతారు. కొందరు అప్పుడే తిడుతున్నారు, మీరాబీ గుసగుస బాణీయే బాగుండేదని.

సంపూర్ణ రోజూ గంజి తెస్తుంది. మొదట గుమ్మంలో పెట్టి వెళ్ళేది. తర్వాత లోపలికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. నా డోలు వార్లకి నూనె రాస్తుంది. వాళ్ళ నాన్న కబుర్లు చెబుతుంది. నిన్న ఏదో చెబుతూ మొదటిసారి నవ్వింది, పై పెదవి ఒక పక్కకి పోయింది. నా స్నేహితుడు జానీ కూడా అలాగే నవ్వేవాడు. ఆమె వెళ్ళాక రేపు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నానని గ్రహించి భయపడ్డాను.

ఇవాళ రాగానే చెప్పేశాను, "రేపటి నుంచి రాబాకమ్మా," అని.

"ఏం బాబాయ్?"

"నువ్వంటే నాకు ఇష్టం కలగతంది. నాకు ఇష్టమైనోళ్ళు ఏమవుతారో నీకు నేను చెప్పాల్నా?"

ఆమె గంజి గిన్నె నా ముందుకు జరిపింది. కొంగుతో చేతులు తుడుచుకుని నా పక్కనే చాప మీద కూర్చుంది.

"మళ్ళీ పాచికి చెవుడొచ్చేనాటికి నీకంటూ ఎవరో ఒకరు ఉండాలి గదా బాబాయ్," అంది.

నేను గిన్నె ఎత్తి గంజి తాగాను. తర్వాత, గంజిలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను.